నాన్నగారికి నేను చెప్పిన కార్టూన్

ఆ కార్టూన్ సీరియల్ అభిమానులు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఒక్కో ఎపిసోడ్‌కు మార్కులు వేస్తూ కొట్టుకు చస్తుంటారు. బడి నుంచి వచ్చిన ఉత్తరాన్ని కూతురు దాచేసే ఎపిసోడ్ వాళ్ళ లెక్కలో మామూలుది. నవ్వు లేదట, సాగదీశారట. వాళ్ళ మొహం! మా నాన్నగారి పక్కన కూర్చుని చూసి ఉంటే తెలిసేది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. మాది మలికిపురం దగ్గర. నాన్నగారిది కొబ్బరికాయల వ్యాపారం, ఇంగ్లీషు ముక్క రాదు. కేబుల్‌లో సాయంత్రం ఆరున్నరకు ఆ సీరియల్ వచ్చేది. పొడుగు ముక్కు తండ్రి, నోరుగల తల్లి, ఎన్నేళ్ళయినా వయసు పెరగని ఇద్దరు పిల్లలు. నేను ఇంటర్ మొదటి సంవత్సరం. నాన్నగారు రోజూ పడక్కుర్చీలో కూర్చుని "ఏమంటన్నాడమ్మా?" అని అడిగేవారు, నేను తెలుగులో చెప్పేదాన్ని. ఇంటికెవరైనా వస్తే మరీనూ. "మా అమ్మాయి తెల్లోళ్ళ మాటలు గడగడా చెప్పేస్తాదండి" అని మురిసిపోయేవారు. నిజానికి నాకు అందేది సగమే. మిగతాది బొమ్మల్ని చూసి అల్లేసేదాన్ని.

ఆ రోజు మధ్యాహ్నం రాజోలు నెట్ సెంటర్లో నా ఫలితం చూసుకున్నాను. అన్నీ పాసయ్యాను, ఒక్క ఇంగ్లీషు పోయింది. "ఒక్క సబ్జెక్టు పోయినా కాలేజీ మానేసి కుట్టుమిషన్ నేర్చుకో" అని నాన్నగారు ముందే చెప్పి ఉన్నారు. ఆయన అన్నారంటే అన్నట్టే. తెల్లారితే పేపర్లో నంబర్లు పడతాయి, నా నంబరు ఉండదు. ఈలోగా నేనే చెప్పాలి. కాళ్ళు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాను గాని నోరు పెగల్లేదు.

ఆరున్నరయింది. నా ఖర్మ కాకపోతే ఆ రోజే ఆ ఎపిసోడ్ రావాలా?

"ఏమంటన్నాడమ్మా?"

"ఆ పిల్ల క్లాసులో ఫస్టొచ్చిందంటండీ," అన్నాను.

తెర మీద ఆ పిల్ల ఉత్తరాన్ని వీపు వెనక పట్టుకుని నిలబడింది. తండ్రి ఏదో అడుగుతున్నాడు. పిల్ల ఏడుపు గొంతుతో "ఐ... ఐ..." అని నసుగుతోంది. ఆ కాసేపూ బొమ్మ గీసినవాడు తండ్రి మొహం చూపించడు, మనమే ఊహించుకోవాలి. ఆ ఎపిసోడ్ గొప్పదనమంతా అక్కడే ఉందంటాను నేను. ఆ రోజు నాకు ఊహించుకునే పని లేకపోయింది. ఆ మొహం నా పక్కనే ఉంది.

నాన్నగారు ముందుకు వంగారు. "ఆయ్ అంటందేంటమ్మా?"

మా వైపు పెద్దవాళ్ళేమన్నా ఔనని ఒప్పుకునే మాట అది. ఆయన చెవికి ఆ ఇంగ్లీషు అలాగే వినబడింది.

"అడిగినదానికల్లా ఆయ్, ఆయ్ అని ఒప్పేసుకుంటంది చూడు. ఫస్టొచ్చిన పిల్లకి ఒప్పుకోడానికేముంటాదమ్మా? ఏదో తప్పు చేసింది."

ఇంకో రోజైతే పొట్ట పట్టుకుని నవ్వేదాన్ని. ఆ రోజు నవ్వు రాలేదు. కాయను చెవి దగ్గర ఊపి లోపల నీళ్ళున్నదీ లేనిదీ చెప్పే మనిషాయన. ఇప్పుడు అలాగే నా గొంతు వింటున్నారు.

"అదేం లేదండీ..."

"మరి ఆ ఏడుపేంటి? ఆ కాయితం ఎందుకు దాచింది?"

బహుమతి కాగితమని చెప్పేద్దామనుకున్నాను. మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఆయన నా వంకే చూస్తున్నారు.

"ఆ పిల్ల పరీక్ష తప్పిందండీ. ఇంట్లో చెప్పలేదు. నేనూ తప్పానండీ. ఇంగ్లీషు పోయింది."

నాన్నగారు కేకలు వేయలేదు. కుట్టుమిషన్ ఊసెత్తలేదు. టీవీ దాని మానాన అది వాగుతూనే ఉంది. దాని వంక చూస్తూ అడిగారు.

"ఇంగ్లీషే పోయిందా?"

"అవునండీ."

"అయితే ఇన్నాళ్ళూ నాకు చెప్పినయ్యన్నీ ఏంటమ్మా?"

కాలేజీ పోతుందని భయపడ్డాను గాని, ఈ మాట అడుగుతారని అనుకోలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

కాలేజీ మానిపించలేదు. సప్లిమెంటరీకి ఫీజు ఆయనే కట్టారు, గట్టెక్కాను. మర్నాడు ఆరున్నరకు మళ్ళీ పడక్కుర్చీలో కూర్చున్నారు. నేనూ వెళ్ళి నా చోట కూర్చున్నాను. అడిగితే ఈసారి తెలిసింది తెలిసినంతే చెప్దామని ప్రతి మాటా చెవులు రిక్కించి విన్నాను. పొడుగు ముక్కువాడు జారిపడితే ఆయన నవ్వారు. మాటలు వస్తున్నంతసేపూ ఊరికే తెర వంక చూస్తూ కూర్చున్నారు. ఏమంటున్నాడని అడగలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అందులో ప్రతి మాటా నాకు అర్థమవుతుంది.