పై వరసలో నుయ్యి

పన్నెండేళ్ళుగా ఒక నుయ్యి నా గుండెల మీద కూర్చుంది. నవ్వకండి. నిజంగా నుయ్యే. రాయ్‌పూర్ స్టేషను అవతల, మా బస్తీలో, పై వరస ఇళ్ళ ముందు ఉంది. అది అక్కడ ఎందుకుందో తెలిసినవాళ్ళం ఇద్దరమే. ఒకరు పోయారు. మిగిలింది నేను. ఎవరితో చెప్పను? మీరైతే నా మొహం ఎరగరు, అందుకని మీతో చెబుతున్నాను.

నేను యార్డులో గూడ్సు బళ్ళ నంబర్లు రాసుకునేవాణ్ణి. విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్ళం. రైల్వేలో కూలీపని చేసేవాళ్ళం అందరం తుక్కు రేకుల గుడిసెల్లో ఉండేవాళ్ళం. వానొస్తే ఇల్లూ కాలవా ఒకటే. అలాంటిది ఎవరి పుణ్యమో, సర్కారు వారు ముప్పై ఇళ్ళకి జాగా ఇచ్చి, ఒక ఓవర్సీరుని పంపారు. మరాఠీ మనిషి. ఎండలో గొడుగైనా లేకుండా తిరిగేవాడు. ఇటుకలు మనమే కోసుకుందాం, ఇంటింటికీ వెనకాల అరటిచెట్లు పెట్టి స్నానాల నీళ్ళు వాటికే పారిద్దాం, ఏ ఇంటి తలుపూ పక్కింటి గోడని చూడకూడదు అనేవాడు. ఈ రోజుకీ నా పెరట్లో అరటి గెల వేస్తే ఆయనే గుర్తొస్తాడు. దేవుడిలాంటి మనిషని ఇప్పుడంటున్నాను. అప్పుడేం చేశానో వినండి.

నుయ్యి ఎక్కడ తవ్వాలన్న మాట వచ్చేసరికి ఆయన, "నీళ్ళు మోసేది ఆడవాళ్ళు, వాళ్ళనడగకుండా ఎలా?" అన్నాడు. ఆడవాళ్ళంతా కలిసి పైడమ్మత్తని పంపారు. ఇంజన్లు దులిపిన బూడిదలో బొగ్గులేరుకుని అమ్ముకునే ముసలిది. మగదిక్కు లేదు. మోకాళ్ళు వాచి ఉండేవి. మిగతావాళ్ళు దూరంగా రేగుచెట్ల కింద కూర్చున్నారు. మేం ముగ్గురమే జాగాలో నడుస్తున్నాం. ఆయనకి తెలుగు రాదు, ఆమెకి హిందీ రాదు, మధ్యలో నేను. అలాగే అనుకున్నాను.

"కింద వరసలో తవ్వించమను బాబూ. వానలెల్లిపోయినా అక్కడ గడ్డి పచ్చగానే ఉంటాది. పైన రాయి" అంది.

పై వరసలో మూడో ఇల్లు నాది. కాంతానికి అప్పటికి రెండుసార్లు కడుపు పోయింది. మళ్ళీ నిలిస్తే బిందె ఎత్తనివ్వకు అని డాక్టరు చెప్పాడు. నుయ్యి గుమ్మంలోనే ఉంటే? ఒక్క క్షణం. అంతే పట్టింది.

"ఊపర్ మాంగ్ రహీ హై సాబ్" అన్నాను. పైన కావాలంటోంది అని. కిందకి హిందీలో నీచే అంటారు. ఆ మాట అనవలసినవాణ్ణి అనకుండా నీచుణ్ణయ్యాను. ఆయన నక్షా మీద చుక్క పెట్టి, ఆమెకి దణ్ణం కూడా పెట్టాడు. ఆమె నా వంక చూసింది, అంతే.

పెళ్ళాం కోసమే కదా అని ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నానో! నిజంగా దాని మీద అంత ప్రేమే ఉంటే బిందె నేనే మోయొచ్చుగా? డ్యూటీ అనేవాణ్ణి. అసలు సంగతి చెప్పనా? మగాడు నూతి దగ్గర కనిపిస్తే నవ్విపోతారని. ఆ నవ్వుకి భయపడి ముప్పై ఇళ్ళ నీళ్ళు మళ్ళించాను.

ఇళ్ళు లేచాయి. మొదటి వేసవి, హోలీ వెళ్ళిన మూడు వారాలకే నూతి అడుగున రాయి కనబడింది. కింద వరసవాళ్ళు, పై వరసవాళ్ళు, అందరూ మైలు దూరంలో తలాబు అనే చెరువుకి నడక. బస్తీ అంతా ఓవర్సీరుని దుమ్మెత్తిపోసింది. చదువు రాని వెధవ, రాతిలో నుయ్యి తవ్వాడు అన్నారు. అర్జీ పెడదాం అన్నారు. రాయడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. రాశాను. నా దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని పేరు. ఆ ముత్యాలతోనే ఆ మంచిమనిషి మీద, బస్తీవాళ్ళు చెప్పినా వినకుండా తన ఇష్టానుసారం తవ్వించాడు అని రాశాను.

అప్పటికి కాంతానికి ఏడో నెల. ఎవరూ అడక్కుండానే పైడమ్మత్త తలాబు నుంచి రెండు బిందెలు తెచ్చేది. ఒకటి తనకి, ఒకటి మాకు. ఆ వాచిన మోకాళ్ళతో. ఒక పొద్దున్న గుమ్మంలో బిందె దించుకుంటూ, "నీ మేలు మరిచిపోను అత్తా. ఆ ఓవర్సీరుకి బుద్ధి లేకపోబట్టి గానీ..." అన్నాను.

"ఆయన్నెందుకు తిడతావు? ఊపర్ అన్నది నువ్వు కదా" అంది.

"నీకు... హిందీ వచ్చా?"

"ఇరవయ్యేళ్ళు ఈదీ ఈదీ తిరిగి బొగ్గులమ్మినాను. ఈళ్ళు నా కాడ తెలుగులో బేరమాడేరనుకున్నావేటి?"

"మరి ఆ రోజే చెప్పలేదేం?"

"సెప్తే నీ మాట పోద్ది. ఆ దొర మరి నిన్ను నమ్మడు. మాలో సదివినోడివి నువ్వొక్కడివే. పెంకులు కావాల, మురుక్కి దారి కావాల. అవన్నీ ఎవులడుగుతారు?" చెంగుతో మొహం తుడుచుకుని, "సెమించీసినాననుకోకు. కోడలికి మాత్రం సెప్పకు. ఈ నీళ్ళు దానికి గొంతు దిగవు. రేపట్నించి నీ బిందె నువ్వే మోసుకో" అంది.

మోశాను. నవ్వారు. రెండు రోజులు నవ్వి ఊరుకున్నారు. ఓస్, ఇంతేనా!

జ్యేష్ఠంలో ఆడపిల్ల పుట్టింది. పురుడు పోసింది పైడమ్మత్తే. కాలికి చుట్టుకున్న పేగు విడదీసి, తలకిందులుగా పట్టుకుని, ఏడ్చేదాకా వీపు తట్టింది. ఆ ఏడుపు విన్నప్పుడు ఆవిడ పాదాల మీద పడ్డాను. కాళ్ళు వెనక్కి లాక్కుంది.

ఓవర్సీరుని బదిలీ చేశారు. ఎక్కడికో తెలీదు. అర్జీ వల్లే అన్నారు. వెనక్కి తీసుకుంటానని ఒక్క కాగితం రాసి ఉంటే? రాయలేదు. కొత్త ఓవర్సీరు వచ్చినప్పుడు మాత్రం పైడమ్మత్త చెప్పింది చెప్పినట్టు చెప్పాను. కింద వరసలో కొద్ది లోతులోనే తియ్యటి నీళ్ళు పడ్డాయి. బస్తీవాళ్ళు నాకు దండ వేశారు. వేయించుకున్నాను. పైడమ్మత్త అందరితోపాటు చప్పట్లు కొట్టింది. నావైపు చూడలేదు.

ఆవిడ పోయి నాలుగేళ్ళు. ఈ ఇల్లు, ఈ నీళ్ళు, నా కూతురు, ఇవన్నీ ఆవిడా, ఆ ఓవర్సీరూ పెట్టిన భిక్ష. అనుకోని రోజు లేదు. అనుకుంటే సరిపోతుందా? మొన్న బస్తీలో ఇంకో పది ఇళ్ళ మాటొచ్చింది. కుర్రాళ్ళు, "ఈసారైనా ఆ మరాఠీ వెధవలాంటివాణ్ణి పంపకుండా ఉంటే చాలు" అని నవ్వారు. నేను తలొంచుకు కూర్చున్నాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా!

అందుకే ఇదంతా రాశాను. పైన తవ్వించింది ఆయన కాదు, నేను. అర్జీలో రాసింది అబద్ధం. నన్ను మన్నించవలసినవాళ్ళు అందుబాటులో లేరు, మిమ్మల్ని అడగను. కానీ ఆ రెండు వాక్యాలూ నా దస్తూరీలో, నా కళ్ళెదుట ఉన్నాయి. చాన్నాళ్ళకి ఊపిరి తేలిగ్గా ఆడుతోంది. కాంతం నీళ్ళకి బయల్దేరుతోంది. ఉండు, వెళ్ళేముందు ఇది విను అని పిలిచాను. వస్తోంది.