కామెర్లొచ్చిన లెన్సులు

ఆర్విల్ జబ్లోన్‌స్కీకి ఎండ పిచ్చి. తాను ఎండలో కూర్చోవాలని కాదు, తన లెన్సుల్ని కూర్చోబెట్టాలని. అమెరికాలో మిల్వాకీ ఊరి దక్షిణాన అతనుండే ఎర్ర ఇటుకల అపార్టుమెంటులో ఏ తలుపు తట్టినా, ఎండ పడే కిటికీ గట్టుమీద వెండి కాగితం పరిచి ఉంటుంది. దానిమీద ఒక నల్లటి పాత లెన్సు పరుపుమీద పసిబిడ్డలా ఆకాశాన్ని చూస్తూ పడుకుని ఉంటుంది. ఇల్లు ఎవరిదైనా లెన్సు మాత్రం ఆర్విల్‌దే.

నాలుగో అంతస్తు వెర్నా తలుపు అతను మొదటిసారి తట్టినప్పుడు ఆమె గొలుసు తియ్యకుండానే మాట్లాడింది. పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసి రిటైరైన మనిషి. అద్దెకున్నవాళ్ల సంఘానికి ప్రెసిడెంటు. ఎవరి మాటా ఒక్కసారికి నమ్మే అలవాటు లేదు.

"ఏమిటయ్యా ఇది?"

"లెన్సు. దీనికి కామెర్లు."

"ఏమొచ్చాయీ?"

"కామెర్లు, ప్రెసిడెంటుగారూ. పసిపిల్లలకొస్తే ఎండలో పెట్టరూ, ఇదీ అంతే. నాది ఉత్తరపు ఇల్లు. నా కిటికీకి ఎదురు పక్క బిల్డింగు గోడ. మీ ఇంట్లో ఎండ వృథాగా పోతోంది కదా."

నిరూపణకోసం ఆమె వంటగదిలోంచి తెల్ల పళ్లెం తెప్పించి, లెన్సును దానిమీద పెట్టి చూపించాడు. నిజమే. పళ్లెం మధ్యలో ఎవరో పలుచటి టీ ఒలకబోసినట్టుంది. కొన్ని పాత లెన్సుల గాజు ఏళ్లు గడిచేకొద్దీ అలా పసుపెక్కుతుందట. ఎండలో కొన్ని వారాలుంటే విరుగుతుందట. వెర్నా వేరే చోట కూడా విచారించింది. పాత లెన్సుల పిచ్చివాళ్లందరూ చేసే వైద్యమేనని తేలింది.

"సరే, పెట్టుకో," అంది. "అద్దె మాత్రం అడగను. అది ఈ బిల్డింగు కంపెనీవాళ్ల జబ్బు."

మొదటి తప్పు అక్కడే జరిగింది. ఎందుకంటే లెన్సును ఇంట్లోకి రానిస్తే ఆర్విల్ కూడా వస్తాడు. రోజూ వస్తాడు.

*

ఆర్విల్ నలభై ఏళ్లు సిటీ బస్సు నడిపాడు. రిటైరయ్యాక చర్చి నేలమాళిగల్లో పాత సామాన్లు అమ్మేచోట్ల తిరిగి, ఎవరికీ అక్కర్లేని లెన్సుల్ని ఏరుకొచ్చేవాడు. కెమెరా మాత్రం నిన్నమొన్నటి డిజిటలు కెమెరా. దానికి తాతలనాటి లెన్సు. రెండిటికీ పొత్తు కుదరదు కనక మధ్యలో ఒక ఇత్తడి రింగు. కొత్త లెన్సయితే బొమ్మను కెమెరాయే సరిచూసుకుంటుంది, మీట నొక్కితే చాలు. పాత లెన్సుకు ఆ తెలివి లేదు. మనిషే చేత్తో తిప్పి సరిచెయ్యాలి. ఆర్విల్ చేత్తో ఊరుకోడు, ఒళ్లంతా ఊపుతాడు. ముందుకు వంగుతాడు, వెనక్కి వాలుతాడు, మళ్లీ ముందుకు వంగుతాడు. ఎదుట ఎవరు కూర్చున్నా మాటలు ఇవే.

"కదలకండి."

"కదలడం లేదు."

"మాట్లాడారు, గడ్డం కదిలింది. ఊపిరి కూడా కాస్త తగ్గించుకోండి."

"తగ్గించుకుంటే పోతాను."

"ఇదిగో, కనురెప్పదాకా వచ్చాను. కంట్లోకి వెళ్తున్నాను."

మూడో అంతస్తు డాన్ ఎలీహియో తన ఫొటో తీయించుకుంటూ కుర్చీలోనే నిద్రపోయాడు. ప్యూర్టో రికోనుంచి వచ్చి తోళ్ల ఫ్యాక్టరీలో ముసలివాడైన మనిషి. డాన్ అంటే వాళ్ల భాషలో గారు అని. లేచి చూస్తే ఆర్విల్ ఇంకా ఊగుతూనే ఉన్నాడు. ఆ ఫొటోలో ఎలీహియో మీసంలో ఒక్క వెంట్రుక కత్తిలా పదునుగా ఉంది. మిగతా ఎలీహియో అంతా వెనక తెరతోబాటు సుళ్లు తిరిగి కరిగిపోయాడు.

"ఇది నేనేనా?" అన్నాడు ఎలీహియో.

"మీసం మీదే."

వెర్నా టమాటా మొక్కమీద పేనుబంక పడితే ఆమె మందు కొట్టబోయింది. ఆర్విల్ అడ్డుపడ్డాడు. లెన్సు వెనక గొట్టాలు బిగించి, నేలమీద బోర్లా పడుకుని, ఒక పురుగును ఇంటి తలుపంత చేసి చూపించాడు.

"మొహం చూడండి, ప్రెసిడెంటుగారూ. ఎవరిలా ఉంది?"

వెర్నా చాలాసేపు చూసింది. "అద్దె కంపెనీ మేనేజరులా ఉంది."

"అందుకే చంపొద్దన్నాను. పోలికలు అరుదుగా దొరుకుతాయి."

తన ఫొటో విషయంలో మాత్రం వెర్నా ఎగతాళి చెయ్యలేదు. డ్రైవింగు లైసెన్సుమీద ఆమెది మొహం కాదు, కళ్లజోడు పెట్టుకున్న నీడ. నల్లవాళ్ల మొహాన్ని చూసుకుని తీసే ఓపిక ఆ ఆఫీసులో ఎవరికుంది? ఆర్విల్ ఆమెను పొద్దుటి ఎండలో కూర్చోబెట్టి, కాఫీ చల్లారేదాకా ఊగి, ఒక బొమ్మ తీశాడు. చెంపమీది గీతలు, కనుగుడ్డులో కిటికీ, ఆ కిటికీలో ఊగుతున్న ఆర్విల్, అన్నీ ఉన్నాయి. దాన్ని ఫ్రిజ్‌మీద అంటించుకుంది. ఎవరైనా మెచ్చుకుంటే మాత్రం, "నా మెడ విరిగింది దీనికి," అనేది.

*

లెన్సుకు ఎండ ఒక్కటే చాలదని వేసవి వచ్చాక తెలిసింది.

ఒకరోజు ఫ్యాను మోసుకుంటూ వచ్చాడు. "లెన్సు వేడెక్కితే లోపలి జిగురు కరుగుతుంది. దీనికి గాలి తగలాలి." ఫ్యానును లెన్సు వైపు తిప్పాడు. దారిలో వెర్నా కుర్చీ ఉంది.

"నేను అడ్డు తప్పుకోనా?"

"వద్దొద్దు. మిమ్మల్ని దాటుకుని వస్తే గాలి మెత్తబడుతుంది. లెన్సుకు అదే మంచిది."

మరునాడు నీళ్ల సీసాలు తెచ్చాడు. గదిలో మనుషులు నీళ్లు తాగకపోతే గాలి ఎండిపోయి గాజు చిట్లుతుందట.

"అంటే నేను నీళ్లు తాగితే లెన్సుకు మేలు."

"గంటకో గ్లాసు."

"మరి లెన్సు తాగదా?"

"అది పత్యంలో ఉంది."

వెర్నా విసుక్కుంటూనే తాగింది. మెట్లమీద ఎలీహియో ఎదురైతే చెప్పుకుంది. "నా ఒంట్లో బాగుందా అని ఈ మనిషి ఒక్కనాడు అడగడు. తలుపు తీస్తే నన్ను తోసుకుని కిటికీ దగ్గరికి పోతాడు. నేను చచ్చి పడి ఉన్నా నన్ను దాటుకుని వెళ్లి లెన్సు పడుకుందా లేదా అని చూస్తాడు."

"నన్ను మాత్రం అడుగుతాడా అమ్మా? నిన్న నా చెయ్యి పట్టుకుని నాడి చూశాడు. ఏమిటయ్యా అంటే, లెన్సు మొయ్యడానికి చెయ్యి వణుకుతుందేమో చూస్తున్నా అన్నాడు."

*

ఆ జూలైలోనే ఎలీహియో టోపీ కాలింది.

తప్పు ఎలీహియోదే. గడ్డి టోపీ తీసి కిటికీ గట్టుమీద లెన్సు పక్కన పెట్టి స్నానానికి వెళ్లాడు. ఎండ లెన్సులోంచి దిగి టోపీ నడినెత్తిన కూర్చుంది. కాస్త పొగ లేచింది, పొగను పసిగట్టే గంట మోగింది. ఆ బిల్డింగులో పొగ గంట మోగడం ఎవరూ ఎన్నడూ వినలేదు కనక సగంమంది ఐస్‌క్రీమ్ బండి వచ్చిందనుకుని చిల్లర పట్టుకుని కిందికి దిగారు. ఎలీహియో తువ్వాలుతో బయటికొచ్చి టోపీమీద కాఫీ పోశాడు. అంతటితో మంట ఆరింది.

గంట తిరక్కుండా కంపెనీ మేనేజరు బ్రైస్ దిగాడు. లిఫ్టు ఆగిపోయిందని ఫోను చేస్తే నెల పట్టే మనిషి. కిటికీలకు రంగు వేసేటప్పుడు సందులన్నీ పూడ్చేశారు, తెరుచుకోవడం లేదు మహాప్రభో అని సంఘం రెండేళ్లుగా మొత్తుకుంటుంటే, చూస్తాం అన్న మనిషి. కిందటి వేసవి వడగాలికి రెండో అంతస్తు హెడ్విగ్ అనే పెద్దావిడ తెరుచుకోని కిటికీ పక్కనే ఒంటరిగా పోతే, సంతాపం తెలుపుతూ ఒక కాగితం తలుపుకు అంటించి వెళ్లిన మనిషి. ఒక టోపీకి చిల్లు పడేసరికి పరుగెత్తుకొచ్చాడు. టోపీకి ఇన్సూరెన్సు ఉండదు, బిల్డింగుకు ఉంటుంది.

"శుక్రవారానికల్లా కిటికీల్లో ఒక్క లెన్సు ఉండకూడదు," అన్నాడు బ్రైస్. "ఒక్కటి కనిపించినా ఆర్విల్‌గారు ఇల్లు ఖాళీ చెయ్యాలి. అగ్నిప్రమాదం."

ఆర్విల్ నలభై ఏళ్లు బస్సు నడిపిన చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నాడు. ఆ జీతానికొచ్చే పింఛనుతో ఊళ్లో ఇంకోచోట ఇల్లు దొరకదు. ఆ సంగతి వెర్నాకూ తెలుసు, బ్రైస్‌కూ తెలుసు.

*

వెర్నా ఇంటికొచ్చి వాదన తయారుచేసుకోసాగింది. వైద్యం పూర్తవడానికి ఇంకెన్నాళ్లు పడుతుందో ముందు తెలియాలి. వాయిదా అడగొచ్చు. వంటగదిలోంచి అదే తెల్ల పళ్లెం తెచ్చి, తన ఇంటి లెన్సును దానిమీద పెట్టింది.

పళ్లెం తెల్లగా ఉంది.

కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. మంచినీళ్లలా ఉంది గాజు. ఎప్పుడో నయమైపోయింది. అంటే ఇన్నాళ్లూ ఈ పెద్దమనిషి రోజూ వచ్చి, ఒక కన్ను మూసి, "ఇంకా కొంచెం పసుపుంది, ప్రెసిడెంటుగారూ," అని తనను వెర్రిదాన్ని చేస్తున్నాడన్నమాట. లెన్సు చేత్తో పట్టుకుని మూడో అంతస్తుకు దిగింది.

"డాన్ ఎలీహియో, నీ లెన్సు ఇటివ్వు."

"ఎందుకమ్మా?"

"పసుపుందో లేదో చూడాలి."

ఎలీహియో డామినో పలకలు సర్దుతూ తలెత్తలేదు. "లేదు. అది కిందటి క్రిస్మస్‌కే నయమైంది."

"తెలిసి కూడా చెప్పలేదా?"

"చెబితే పట్టుకుపోతాడు. పట్టుకుపోతే రేపు ఎందుకొస్తాడు? నాతో డామినోలు నువ్వాడతావా? నువ్వు ఓడిపోతే బల్ల తిరగేస్తావు." ఒక పలక బోర్లించి, "మొదటి అంతస్తులో అందరికీ తెలుసు. ఎవరూ అనరు. నువ్వే ఆలస్యం," అన్నాడు.

వెర్నా కుర్చీలో కూర్చుంది. తన తలుపు ఆర్విల్ మొదటిసారి తట్టింది ఎప్పుడో గుర్తు చేసుకుంది. హెడ్విగ్‌ను సాగనంపి వచ్చిన వారమే. ఆమె పోయిన సంగతి ఆదివారం చర్చిలో ఆమె చోటు ఖాళీగా కనిపించేదాకా ఈ బిల్డింగులో ఎవరికీ తెలియలేదు. సంఘం ప్రెసిడెంటుకు కూడా తెలియలేదు.

"ఆ మనిషి బస్సు ఎక్కేదాన్ని ఒకప్పుడు," అంది వెర్నా. "ముసలివాళ్లు కూర్చున్నారా లేదా అని అద్దంలో చూసుకుంటేగాని బస్సు కదిలించేవాడు కాదు. పనికి ఆలస్యమవుతోందని తిట్టుకునేదాన్ని."

"ఇప్పుడు తిట్టుకో. ఎవరొద్దన్నారు."

"తిడతాను. ముందు శుక్రవారం కానీ."

*

శుక్రవారం బ్రైస్ వెర్నా ఇంటితో తనిఖీ మొదలుపెట్టాడు. బిల్డింగంతా అక్కడే నిలబడి ఉంది. ఆర్విల్ మాత్రం లెన్సులు సర్దుకోవడానికి ఖాళీ అట్టపెట్టె తెచ్చుకుని ఒక మూల నిలబడ్డాడు. అతని మొహం చూస్తే లెన్సుకే కాదు, అతనికీ కామెర్లొచ్చినట్టుంది.

"బాబూ, పెట్టె కట్టే ముందు ఆర్విల్ మీ ఫొటో ఒకటి తీస్తాడట," అంది వెర్నా. "ఇంటర్నెట్టులో కంపెనీ పేజీమీది ఫొటోలో మీరు దొరికిపోయిన దొంగలా ఉన్నారు."

బ్రైస్ జుట్టు సవరించుకుని కూర్చున్నాడు. ఆర్విల్‌కు ఏమీ అర్థం కాలేదు. కాని ఎదురుగా మొహం ఉంటే అతని చేతులు ఊరుకోవు. లెన్సు బిగించి ఊగడం మొదలుపెట్టాడు.

"కదలకండి."

"ఎంతసేపు?"

"గడ్డం కదిలింది. మళ్లీ మొదట్నించీ."

వెర్నా కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "మీరు కదలకుండానే వినండి బాబూ. అగ్నిప్రమాదం అన్నారు, ఒప్పుకున్నాం. నిప్పంటుకుంటే మేం ఎటుపోవాలి? ఈ కిటికీ తెరుచుకోదు. ఏ కిటికీ తెరుచుకోదు. ఈ ముక్క ఫైర్‌వాళ్లకి మీరు చెబుతారా, నేను చెప్పనా?"

బ్రైస్ లేవబోయాడు.

"కనురెప్పదాకా వచ్చాను సార్," అన్నాడు ఆర్విల్. "ఊపిరి బిగబట్టండి."

ఊపిరి బిగబట్టిన మనిషికి వాదించడం కష్టం. బ్రైస్ పెదవులు కదపకుండా, "సోమవారం మనిషిని పంపుతాను," అన్నాడు.

"అన్ని కిటికీలకూనా?"

"అన్నిటికీ. కాని లెన్సులు..." అతనికి హఠాత్తుగా ఒక ఆలోచన తట్టింది. "వీటికి మూతలుండవా? రెండు వైపులా మూతలు పెడితే నిప్పు రాదుగా. మూత పెట్టి ఉంచుకోండి, నాకు అభ్యంతరం లేదు."

ఆర్విల్ ఊగడం ఆగిపోయింది. అతను మధ్యలో ఆగడం అక్కడ ఎవరూ చూసి ఎరగరు. మూత పెడితే లెన్సుకు ఎండ తగలదు. ఎండ అక్కర్లేదని ఇప్పుడు ఒప్పుకుంటే, రేపట్నించి ఏ మొహం పెట్టుకుని ఏ తలుపు తడతాడు? ఒప్పుకోకపోతే ఇల్లే లేదు. మొహం ఎర్రబడింది.

"మూత ఉంటేనే మంచిది," అంది వెర్నా. "ఎండ నెమ్మదిగా ఎక్కుతుంది. ఒక్కసారిగా ఎక్కితే అజీర్తి."

"మా అమ్మమ్మ కామెర్లకి మూత పెట్టే వైద్యం చేసేది," అన్నాడు ఎలీహియో, కాలిన టోపీ గుండెకు హత్తుకుని.

"మాదీ మూత పెట్టాకే కాస్త తేరుకుంది," అని మొదటి అంతస్తునుంచి ఎవరో అన్నారు. "అవునవును, పసుపు వెచ్చదనానికే పోతుంది," అన్నారు ఇంకెవరో. అన్ని తలలూ కలిసి చాలా గంభీరంగా ఊగాయి.

ఆర్విల్ ఒక్కొక్క మొహమే చూశాడు, బస్సు అద్దంలో చూసుకున్నట్టు. ఎవరూ నవ్వడం లేదు. అంత కష్టపడి నవ్వాపుకుంటున్న మనుషుల్ని అతను ఎన్నడూ చూడలేదు. కెమెరా ఎత్తి, ఏమీ సరిచూడకుండా మీట నొక్కేశాడు. అంత గబుక్కున అతను తీసిన ఫొటో అదొక్కటే. అందులో బ్రైస్ ఎడమ కనురెప్ప తప్ప కంపెనీ యావత్తూ మసక. బ్రైస్‌కు అది తెగ నచ్చింది.

అతను వెళ్లాక జనం మెల్లగా జారుకున్నారు. ఆర్విల్ ఖాళీ అట్టపెట్టెను కాలితో బల్లకిందికి తోశాడు. వెర్నా తన లెన్సుకు రెండు వైపులా మూతలు బిగించి అతని చేతికిచ్చింది. అతను దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టాడు. ఒక కన్ను మూశాడు. ఆ నల్లటి మూతలోకి చాలాసేపు పరీక్షగా చూశాడు.

"ఇంకా కొంచెం పసుపుంది, ప్రెసిడెంటుగారూ."

వెర్నా గ్లాసులో నీళ్లు పోసుకుని తాగింది, లెన్సు ఆరోగ్యం కోసం.

"కొంచెమేమిటయ్యా, ముదిరిపోతేను. రేపు పెందరాళే వచ్చి చూసుకో."