కిష్టయ్య అడిగే ఇళ్లు

మా కిష్టయ్యకు ఉన్నది ఒక్కటే జబ్బు. స్థలం కొన్నవాళ్లు అందులో ఎలాంటి ఇల్లు కడతారో గది గదీ చెప్పందే సాక్షి సంతకం పెట్టడు.

లింగంపల్లి దగ్గర రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా దస్తావేజులు రాసుకుని బతుకుతున్నాను. నా పేరు ఓంకార్. కిష్టయ్య కరెంటు లైన్‌మన్‌గా చేసి రిటైరైనవాడు. రోజూ పదింటికల్లా నా షాపు బెంచీ మీద ఉంటాడు. రిజిస్ట్రేషన్‌కు ఇద్దరు సాక్షులు కావాలి. పూట సెలవు పెట్టి పరిగెత్తుకొచ్చే సాఫ్ట్‌వేర్ వాళ్లకు రెండోవాడు దొరకడు. అప్పుడు కిష్టయ్యే దిక్కు. డబ్బు ముట్టడు, ఒక చాయ్ తాగుతాడు. ఆ చాయ్ సగమయ్యేసరికి ప్రశ్నలు మొదలవుతాయి.

కొండాపూర్ ఆయన ఒకరు ఉన్నమాట చెప్పి దొరికిపోయాడు. ఇల్లూ గిల్లూ ఏమీ లేదు, రేటు పెరగ్గానే అమ్మేస్తానన్నాడు. కిష్టయ్య పెన్నుకు మూత పెట్టేశాడు. రిజిస్ట్రేషన్‌కు ఇచ్చిన స్లాట్ టైము దగ్గర పడుతోంది. గత్యంతరం లేక ఆయన అప్పటికప్పుడు మూడు పడగ్గదుల ఇల్లొకటి అల్లాడు. బట్టలెక్కడ ఆరేస్తారని కిష్టయ్య అడిగాడు. ఆయనకు తెలియక భార్యకు ఫోన్ చేశాడు. ఆవిడ బట్టలతో మొదలుపెట్టి, తులసికోట మీదుగా, మెట్ల కింద సామాన్ల గది దాకా వెళ్లింది. ఏడాది తిరక్కుండా అక్కడ నిజంగానే ఇల్లు లేచింది. ఆయన ఇప్పటికీ మా షాపు ముందు కారు వేగం పెంచుతాడు.

కిష్టయ్యకు మాత్రం సొంతిల్లు లేదు. రెండు గదుల కిరాయి ఇల్లు. ఊరందరి వంటిళ్లూ కట్టి వస్తాడు గాని, ఇంట్లో గ్యాస్ అయిపోయిన సంగతి పట్టదని ఆయన భార్య ఈశ్వరమ్మ వాపోతుంది.

పోయిన శ్రావణంలో వినయ్, లావణ్య అని కడప వైపు జంట ఒకటి వచ్చింది. కూకట్‌పల్లిలో అద్దెకుంటూ, నూట ఇరవై గజాలు కొంటున్నారు. మర్నాడు రిజిస్ట్రేషన్ కాకపోతే అగ్రిమెంటు గడువు దాటి అడ్వాన్సు పోతుంది. నేను చిత్తుప్రతి తయారు చేసి, స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, ఫీజు కలిపి ఎంతవుతుందో చెప్పాను. వినయ్ ముఖం పాలిపోయింది. స్థలం ధరకు సరిపడా, పైఖర్చులకు ఇంకొంచెం కూడబెట్టుకున్నారు గాని, దానిమీద వందకు ఏడున్నర చొప్పున ప్రభుత్వానికి కట్టాలని వాళ్లకెవరూ చెప్పలేదు. లావణ్య మెడలోని గొలుసు తడుముకుంది. కుదువ పెట్టడానికి ఎక్కడికి వెళ్లాలో ఇద్దరూ గుసగుసగా మాట్లాడుకుంటున్నారు.

కిష్టయ్యకు సమయం సందర్భం ఉండవు. వద్దని కళ్లతో సైగ చేశాను. ఆయన చూడలేదు.

"బిడ్డా, ఇంటికి తలుపు ఏ దిక్కుకు పెడుతున్నవ్?"

"యాడి ఇల్లు పెద్దాయనా," అంది లావణ్య నీరసంగా. "అది ఖాళీ జాగా. పాత పునాదిరాళ్లు, తుమ్మచెట్లు తప్ప ఏం లేవు ఆడ."

కిష్టయ్య నా చేతిలోని కాగితం తన వైపు తిప్పుకున్నాడు.

"మరి ఓంకారూ, రెండు పోర్షన్ల డాబా అని రాసినవేంది? నువ్వు కట్టిచ్చినవా?"

నా చెవులు వేడెక్కాయి. అమ్మేవాళ్ల పాత దస్తావేజు చూసి మక్కీకి మక్కీ దించాను. ఆ డాబా కూల్చేసి ఆరేళ్లయిందట. నా కాగితంలో మాత్రం చెక్కుచెదరకుండా నిలబడింది. దాని విలువ కూడా కలిపి పన్ను వేశాను. ఇరవై ఏళ్ల అనుభవం నాది. అమ్మేవాళ్లకు ఫోన్ చేసి రూఢి చేసుకుని, ఆ డాబాను నా చేతులతో నేనే కూల్చి మళ్లీ లెక్క వేశాను. పన్ను వాళ్లకు అందేంతకు దిగింది. లావణ్య గొలుసు మీంచి చెయ్యి తీసింది.

మర్నాడు వాళ్లు చలానా కట్టి వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. సిగ్గు చంపుకుని కిష్టయ్యను పక్కకు పిలిచాను. ఇలాంటి తప్పులు పట్టడానికేనా ఇన్నేళ్లుగా ఈ ప్రశ్నలన్నీ అని అడిగాను.

"తప్పులు పట్టుడు నాకేం ఎరుక," అన్నాడు. "చలానా కట్టినోళ్ల మొకాలు ఎన్నడన్న సూసినవా? దవాఖానలకెల్లి బయటికొచ్చినట్టుంటరు. ఇంటి ముచ్చట అడుగుతె జర తేరుకుంటరు. అంతే."

వేలమంది చేత చలానాలు కట్టించాను. ఒక్కరి ముఖమూ చూడలేదు. ఆ రోజు చూశాను. ఇద్దరూ రసీదును మందుల చీటీలా పట్టుకుని కూర్చున్నారు.

కిష్టయ్య వెళ్లి వాళ్ల పక్కన చోటు చేసుకుని, వంటిల్లు ఎక్కడని అడిగాడు. లావణ్య రసీదు మడిచి ఒళ్లో పెట్టుకుంది. తర్వాత మెల్లగా, ఆగ్నేయంలో అంది. కిటికీ పెద్దది కావాలంది. మెట్లు బయటనుంచి అన్నాడు వినయ్. లోపలినుంచే అంది ఆమె. గొడవ పెరిగింది, ఇద్దరి ముఖాల్లోకీ నెత్తురొచ్చింది.

ఆఫీసు అటెండరు తిరుపతి వాళ్ల పేర్లు రెండుసార్లు పిలిచాడు. ఎవరూ కదల్లేదు. మూడోసారి తానే రోడ్డు దాటి వచ్చాడు. కేకలేస్తాడనుకున్నాను. కాసేపు విని, నా షాపు తలుపుకు ఆనుకున్నాడు.

"మెట్ల సంగతి తర్వాత," అన్నాడు. "ముందు నీళ్ల ట్యాంకు ఏడ పెడుతరో చెప్పుండ్రి."