కోటు వేసుకున్నాక చెప్పే మాట ఎవరిది?

మా చిన్నప్పుడు... అమెరికాలో డెట్రాయిట్ పక్కనున్న ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా ఇంటికి ఆదివారం భోజనానికి వచ్చినవాళ్ళు తిరిగి వెళ్ళడమంటే అదొక పెద్ద తతంగం. "ఇక బయల్దేరతాం" అంటూ లేచేవారు. మంచం మీద కుప్పగా పడేసిన కోట్లలోంచి ఎవరిది వాళ్ళు వెతుక్కునేవారు. మగవాళ్ళు అద్దాల మీద మంచు గీకి, కారు వేడి చెయ్యడానికి బయటికి నడిచేవారు. ఆడవాళ్ళు మాత్రం కోట్లు బిగించుకుని, చేతిలో గోంగూర పచ్చడి డబ్బా పట్టుకుని, గుమ్మంలో నిలబడి మళ్ళీ మొదలుపెట్టేవారు...

తలుపు సగం తెరిచే ఉండేది. చలిగాలి ఇల్లంతా తిరిగేది. "హీటర్ బిల్లు కట్టేది నేను తల్లుల్లారా!" అని నాన్న లోపల్నుంచి అరిచేవారు. వినిపించినా ఎవరూ కదిలేవారు కాదు. పిల్లలం కోట్లలో ఉడికిపోతూ మెట్ల మీద ఇంకో ఆట మొదలెట్టేవాళ్ళం.

దీని మీద మా డెట్రాయిట్ చుట్టుపక్కల తెలుగువాళ్ళందరి నోటా ఒక మాట ఉండేది... "కోటు వేసుకున్నాక చెప్పేదే అసలు మాట."

అది శేషగిరి అంకుల్ మాట అనే అందరూ అనుకునేవారు. ఆయన నాన్నకి స్నేహితుడు. ఉగాది సభలో మైకు దొరికితే ఇక వదిలేవారు కాదు. ఏం మాట్లాడినా చివరికి ఈ మాటతోనే ముగించేవారు. జనం చప్పట్లు కొట్టేవారు. పక్కన మా అమ్మ కూడా కొట్టేది.

ఇప్పుడు నేను కాలిఫోర్నియాలోని శాన్ రామన్‌లో ఉంటున్నాను. ఇక్కడ దళసరి కోటు మొహం చూసే పనే లేదు. మొన్న పొద్దున్నే మా తెలుగువాళ్ళ ఫోన్ గ్రూపులో ఒక బొమ్మ వచ్చింది. సూర్యోదయం, తామరపువ్వు, తెల్లగడ్డంతో ఎవరో స్వామీజీ... కింద ఆయన సూక్తిగా ఆ మాట! కాషాయం కట్టుకున్న పెద్దమనిషికి కోటుతో ఏం పనో ఒక్కరికీ అనుమానం రాలేదు. అందరూ వరసపెట్టి దణ్ణాలు పెట్టేశారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మా అంకుల్ మాటని ఎవరికో కట్టబెడతారా అని నేరుగా ఆయనకే ఫోన్ చేశాను.

అంకుల్ పగలబడి నవ్వారు. "అది నాది కాదమ్మా... మీ ఆంటీని అడుగు" అని ఫోన్ అనసూయ ఆంటీ చేతికి ఇచ్చేశారు. ఆయన మైకు ఇంకొకరికి ఇవ్వడం నా ఎరుకలో అదే మొదటిసారి.

అప్పుడు చెప్పింది ఆంటీ...

ఒక చలికాలం అంకుల్‌కి కార్ల కంపెనీలో ఉద్యోగం పోయిందట. త్వరగా ఇంకోటి దొరక్కపోతే వీసా పోతుంది, తట్టాబుట్టా సర్దుకుని ఇండియా వెళ్ళిపోవాలి. ఎవరికీ చెప్పొద్దని అంకుల్ ఒట్టు వేయించుకున్నారట. ఆ ఆదివారం మా ఇంటికి వచ్చి, అందరికంటే ఎక్కువ జోకులు వేసింది ఆయనే. ఆంటీ పులిహోర కలిపింది, అంత్యాక్షరి ఆడింది, లోపలి దిగులు మాత్రం బయటపెట్టలేదు. చివరికి కోటు వేసుకుంది. బయట కారులో కూర్చుని అంకుల్ హారన్ కొడుతున్నారు. గుమ్మంలో మా అమ్మ ఒక్కతే ఉంది.

"కోటు జిప్ పైకీ కిందకీ లాగుతూ నిలబడిపోయా తల్లీ. మీ అమ్మ నా మొహం చూసి, 'కోటు వేసుకున్నాక చెప్పేదే అసలు మాట వదినా... ఏంటో చెప్పు' అంది. అంతే, ఏడ్చేశాను."

అమ్మ ఆంటీ చేత కోటు విప్పించి లోపలికి తీసుకొచ్చిందట. నాన్న పైజామాతోనే మంచులో పరిగెత్తి అంకుల్‌ని కారులోంచి లాక్కొచ్చారట. ఆ పరుగు నాకు బాగా గుర్తు... కిటికీలోంచి చూసి పిల్లలం పడీపడీ నవ్వాం. అది ఎందుకో ఇన్నేళ్ళూ తెలియదు. తర్వాత నాన్న తెలిసినవాళ్ళందరికీ అంకుల్ రెజ్యూమే పంపించి, ఫోన్లు చేసి చేసి, ఎక్కడో ఒకచోట పని కుదిరేదాకా ఊరుకోలేదట.

"మరి అది అమ్మ మాటని అంకుల్ ఎప్పుడూ అనలేదేం?" అన్నాను. కొంచెం కోపంగానే అన్నాను.

"ఎవరన్నారంటే ఎప్పుడన్నారని అడుగుతారు కదమ్మా. జాబ్ పోయిన సంగతి బయటపడుతుందని మీ అంకుల్‌కి నామోషీ. అలాగని ఆ మాట మర్చిపోనూ లేరు. ఇప్పుడు మీ అమ్మదని రాసెయ్యి. పక్కనే కూర్చుని ఈయనే చెప్పమంటున్నారు."

వెంటనే అమ్మకి ఫోన్ చేశాను. ఇంత పేరున్న మాట నీదటమ్మా అంటే పొంగిపోతుందనుకున్నాను.

"నేనన్నానా? ఏమోనే... గుర్తులేదు. అనసూయ వదిన వెళ్ళిపోతుందేమోనని భయం వేసింది చూడు... అది మాత్రం బాగా గుర్తుంది" అంది.

అందరూ ఆ మాట పట్టుకుని చప్పట్లు కొట్టారు. అమ్మకి మాత్రం ఆ మనిషే గుర్తుంది.

ఇప్పుడు మా ఇళ్ళలో భోజనం అవ్వగానే సోఫాలోంచే బై చెప్పుకుంటున్నాం. నిమిషంలో కారు కదిలిపోతుంది. పోయిన నెల ఒక స్నేహితురాలు మా ఇంట్లో హాయిగా నవ్వుతూ తినేసి వెళ్ళింది. తనకి లేఆఫ్ అయిందని తర్వాత ఆన్‌లైన్‌లో చదివి తెలుసుకున్నాను. గుమ్మం దాకా వెళ్ళి ఉంటే నాతో చెప్పేదేమో...

ఆ మాట మా అమ్మ వరలక్ష్మిది. దణ్ణాలు పెట్టినవాళ్ళు ఆవిడకీ ఒకటి పెట్టండి.

మీ ఇంటి గుమ్మంలో కూడా ఎవరో ఒకరు వెళ్తూ వెళ్తూ ఆగి, ఏదో చెప్పే ఉంటారు. అదేమిటో కింద రాయండి... వాళ్ళ పేరుతో సహా.