నా తరఫున అవ్వ మాట్లాడిన ట్రంకాల్

ఆ రోజుల్లో మా ఎల్లారెడ్డిలో ఫోను మాట్లాడటం ఒక్కరు చేసే పని కాదు. ఒకరు మాట్లాడితే పదిమంది వినాలి, విన్నవాళ్లు మధ్యలో సలహాలివ్వాలి, ఫోను పెట్టేశాక "ఏమన్నడు, ఏమన్నడు?" అంటూ మళ్లీ మొదటినుంచీ చెప్పించుకోవాలి. ఇప్పుడు బస్సులో నా పక్క సీటు అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని సెల్లులో గుసగుసలాడుతుంటే, ఎంత అదృష్టవంతురాలివే తల్లీ అనుకుంటాను. (కాస్త గట్టిగా మాట్లాడితే నేనూ విందును కదా అని కూడా అనుకుంటాను. పాత అలవాటు ఎక్కడికి పోతుంది?)

నేను చెప్పేది ఎనభైల నాటి మాట. మా వీధి మొత్తానికి ఫోను మా ఇంట్లోనే ఉండేది. మా నాన్నకు, అంటే బాపుకు, ఎరువుల దుకాణం. ముందుగది దుకాణం, వెనక మా కాపురం. వీధిలో వాళ్లంతా తమ చుట్టాలకు మా నంబరే ఇచ్చుకుని, పక్కన 'పి.పి.' అని రాసేవారు, అంటే ఫలానావాళ్లను పిలిచి మాట్లాడించండని. ఎక్కడికి మాట్లాడాలన్నా ఎక్స్ఛేంజికి చెప్పి, ట్రంకాల్ బుక్ చేసుకుని, పనులన్నీ మానుకుని కూర్చోవాలి. తీరా లైను కలిస్తే అవతలి మనిషి బావిలోంచి మాట్లాడుతున్నట్టు ఉండేది. కాబట్టి అరవాలి. అరవడంలో మా అవ్వను, అంటే బాపును కన్న తల్లిని, మించినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. దూరాన్ని బట్టి గొంతు పెంచాలని అవ్వ నమ్మకం. లింగంపేటకైతే కూర్చునే మాట్లాడేది. కామారెడ్డికైతే లేచి నిలబడేది. దుబాయికైతే కొంగు నడుముకు దోపి, కళ్లు మూసుకుని అరిచేది. పక్కింటి చాచీ భర్త దుబాయిలో ఉండేవాడు. శుక్రవారం ఆయన ఫోను రాగానే చాచీ రిసీవరు అవ్వ చేతికిచ్చేది, "నా గొంతు అంత దూరం పోదు అవ్వా, నువ్వే చెప్పు" అని. చాచీ అవ్వ చెవిలో చెప్పేది, అవ్వ దుబాయికి చెప్పేది. పాపం చాచా, భార్యతో మాట్లాడదామని ఫోను చేసి, కాపురం సంగతులన్నీ మా అవ్వతో మాట్లాడి పెట్టేసేవాడు.

నా డిగ్రీ అయిన ఏడాది కామారెడ్డి సంబంధం కుదిరింది. అబ్బాయి కరెంటు ఆఫీసులో గుమాస్తా. పెళ్లిచూపుల్లో ఆయన చాయ్ కప్పును చూశాడు, నేను చాపను చూశాను, ఇద్దరికీ నచ్చిందని పెద్దలు తేల్చేశారు. వరపూజ, అంటే నిశ్చితార్థం, కూడా అయ్యాక, నిజామాబాదులో నాకు బి.ఇడి. సీటు వచ్చింది. టీచరు కావాలన్నది చిన్నప్పటి నుంచీ నాకున్న పిచ్చి. బాపును అడిగితే, "ఇగ నువ్వు వాళ్ల పిల్లవు. పెండ్లయినంక వాళ్లే చూసుకుంటరు తియ్" అన్నాడు. పెళ్లయ్యాక ఏం చూసుకుంటారో మా అక్కను చూసి నాకు బాగా తెలుసు. ఇంటరు ఫస్టు క్లాసులో పాసైన అక్క, అత్తగారింట్లో బర్రెలకు కుడితి పెడుతోంది. అందుకే ఔనో కాదో పెళ్లికి ముందే అబ్బాయి నోట వినాలని పట్టుబట్టాను. కాదంటే ఏం చేస్తానో నాకే తెలియదు. కాలేజీలో చేరే గడువా, దగ్గర పడుతోంది.

అయితే వరపూజయిన పిల్ల పెళ్లికొడుకుతో మాట్లాడటమా! మా ఇండ్లల్లో అది జరిగే పని కాదు. "అడుగు బేటీ, ఇప్పుడు అడగకపోతే తర్వాత అడిగినా ఫాయిదా లేదు" అని చాచీ ధైర్యం చెప్పింది. దారి మాత్రం అవ్వే చూపించింది. "నువ్వెందుకు మాట్లాడ్తవ్? చాచీ మాట్లాడ్తదా? నువ్వు నా చెవుల చెప్పు, నేను వానికి చెప్త. మాట్లాడింది నేనైత గని నువ్వెట్లయితవ్?" అంది. ఆ తర్కం నాకు ఎంత నచ్చిందో! (డిగ్రీలో లాజిక్ చదివిన దాన్ని మరి.) ఆదివారం బాపు లింగంపేట వెళ్లిన సమయం చూసి ట్రంకాల్ బుక్ చేశాం.

అబ్బాయి వాళ్లింటి ముందున్న బెల్లం దుకాణమే వాళ్ల పి.పి. నంబరు. లైను కలవగానే అవ్వ లేచి నిలబడింది. "ఓ సేటూ! మీ ఎనుకింటి పిలగాణ్ణి పిలువు! ఎల్లారెడ్డి పిల్ల తరఫున మాట్లాడుతున్న!" ఆ కేకకు, యూరియా బస్తాలు కట్టుకుని పోబోతున్న రైతులు సైకిళ్లకు మళ్లీ స్టాండు వేశారు. అబ్బాయి వచ్చాడు. బి.ఇడి. సీటు వచ్చిందనీ, పెళ్లయ్యాక చదువుకోవడం వారికి ఇష్టమేనా కనుక్కోమనీ అవ్వ చెవిలో మెల్లగా, మర్యాదగా చెప్పాను. అవ్వ గట్టిగా ఊపిరి పీల్చుకుంది. "పిలగా! మా పిల్లకు సార్ల సదువు సీటొచ్చింది! పెండ్లయినంక దినాం నిజామాబాదు బస్సెక్కి పోతదట! పంపుతవా, పంపవా? పంపనంటే ఇప్పుడే చెప్పు, పెండ్లి పత్రికలు ఇంక అచ్చుగొట్టియ్యలే!" నేను పత్రికల మాటే ఎత్తలేదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అవ్వ కొంగు నా ముఖానికి కప్పుకుని అక్కడే కూలబడ్డాను.

అవతలి నుంచి మళ్లీ సేటు గొంతే వినిపించింది. "పిలగాడు మాట్లాడ్తలేడవ్వా. చెమటలు పట్టినయ్."

"మాట్లాడకుంటే ఎట్ల? ఔనంటుండా, కాదంటుండా?"

"తల ఊపిండు."

"తల ఊపితే నాకు ఈడికి కనవడ్తదా? ఎట్ల ఊపిండు, అడ్డమా, నిలువా?"

అంతలో మధ్యలోంచి ఇంకో గొంతు, "సేటూ, జర సరిగ చూసి చెప్పు" అంది. ఎక్స్ఛేంజి ఆపరేటరు! మూడు నిమిషాలు కాగానే మాట మధ్యలోనే లైను తెంచే మహానుభావుడు, ఆ రోజు టైము సంగతే మరిచిపోయాడు.

"నిలువే!" అన్నాడు సేటు. అవ్వ అంత తేలిగ్గా నమ్మే మనిషి కాదు. "ఆడ ఇంకెవరన్న ఉన్నరా?" అని ఆరా తీసింది. హమాలీలున్నారట, బండ్లవాళ్లున్నారట, బెల్లం కొనడానికొచ్చినవాళ్లున్నారట. "మీరందరు చూసిండ్రా?" అంది. "చూసినమవ్వా! నిలువే ఊపిండు!" అని అంతమందీ కలిసి అన్న మాట మా దుకాణమంతా వినబడింది. చాచీ నన్ను పట్టుకుని ముద్దు పెట్టుకుంది. రైతులు సైకిళ్ల స్టాండ్లు తీశారు. తలుపు దగ్గర, లింగంపేట నుంచి అప్పుడే వచ్చిన బాపు, చేతిలో సంచీ అట్లాగే పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నా ఇజ్జత్ తీస్కపోయి కామారెడ్డి బజార్ల పెట్టిండ్రు" అని ఒక్క మాటన్నాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. సంబంధం తప్పిపోయినట్టేనని అమ్మ ఏడుపు. అవ్వ మాత్రం, "నిలువు ఊపినోడు ఎటు పోతడు?" అంటూ వక్క నములుతూ కూర్చుంది. మర్నాడు పొద్దున మొదటి బస్సుకే అబ్బాయి తండ్రి దిగాడు. నేను తలుపు వెనక నిలబడి చెవి ఆనించాను. ఆయన చాయ్ తాగి, కప్పు కింద పెట్టి, నిదానంగా మొదలుపెట్టాడు. "బావా, సీటు సంగతి మాకంటె ముందు బజారుకు ఎరుకైంది. పాలకు పోతే ఒకడు, చాయ్‌కు పోతే ఒకడు, 'మీ కోడలు ఏ బస్సుకు పోతది' అని అడుగుతుండ్రు. మా ఇంటామె వద్దనే అన్నది. గని పిలగాడు అందరి ముందట తల ఊపిండాయె. ఇగ కాదంటే మేము ఆ బజార్ల తిరుగుతమా?" బాపు ముఖంలోకి అప్పుడు ప్రాణం వచ్చింది. వియ్యంకుణ్ణి చేయి పట్టుకుని భోజనానికి కూర్చోబెట్టాడు. ఆ వారమే నేను కాలేజీలో చేరాను. పెళ్లయ్యాక ఒకసారి వానల్లో అత్తమ్మ "ఇగ చాలు తియ్, ఇంటికాడ ఉండు" అంది. వాకిట్లోకి వచ్చిన నన్ను చూసి, బెల్లం దుకాణం ముందు బస్తాలు దించుతున్న హమాలీ, "ఏమ్మా, ఇయ్యాల బస్సు తప్పిందా?" అని గట్టిగా అడిగాడు. అత్తమ్మ మారుమాటాడకుండా లోపలికి వెళ్లి నా టిఫిన్ డబ్బా తెచ్చి ఇచ్చింది.

తర్వాత ట్రంకాల్ పోయి ఎస్టీడీ వచ్చింది, అద్దాల గదిలో తలుపు వేసుకుని మాట్లాడుకున్నాం. ఆ పైన సెల్లులొచ్చాయి. నేను టీచరుగా రిటైరయ్యాను, ఆయనా రిటైరయ్యాడు, చెరో సెల్లూ పట్టుకుని చెరో కుర్చీలో కూర్చుంటున్నాం. మొన్నొక రోజు ఉండబట్టలేక అడిగాను. "ఆ దినం మనకు గిట్ల సెల్లులుండి, ఎవ్వరు వినకుంట నేనే అడిగితే ఏమనేటోళ్లు?" ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. "ఏమనేటోణ్ణి... 'మా అమ్మను అడిగి చెప్త' అనేటోణ్ణి" అన్నాడు.

నవ్వి నవ్వి కళ్లనీళ్లొచ్చాయి నాకు. రేపు వీధిలో ముఖమెట్లా చూపించాలా అని అవ్వ కొంగులో తలదాచుకుని ఏడ్చిన ఆ పిల్ల గుర్తొచ్చింది. పిచ్చిది, ఆ పూట తన పని ఎంత బాగా జరిగిపోయిందో దానికేం తెలుసు!