తాడు తెగలేదు, ముడి ఊడలేదు

నిన్న మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. గుడుపల్లెలో చెట్టు కొట్టడానికి వెళ్లిన మా రెడ్డెప్ప పోయాడని.

ఎవరు చేశారో కూడా సరిగా గుర్తులేదు. స్టవ్ ఆపానా లేదా అని మాత్రం బస్సెక్కాక కూడా ఆలోచిస్తూనే ఉన్నాను.

రెడ్డెప్ప మా చిన్నమ్మ కొడుకు. నాకు తమ్ముడు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం... ఇళ్ల మీదికి వాలిన కొమ్మలు కొట్టాలంటే అందరూ వాడినే పిలిచేవాళ్లు. తాడు మీద చెట్టెక్కే రెడ్డెప్ప అంటే మీలో చాలామందికి తెలుసు.

బస్సు పలమనేరు దాటేలోపే ఇంకా ఫోన్లు.

ఒకరు తాడు తెగిందన్నారు.

ఒకరు కొమ్మ విరిగిందన్నారు.

సదుం నుంచి మా చిన్నమామ అయితే, "ఆ దానియేలు కింద ముడి ఇప్పేసినాడంటమ్మా" అన్నాడు.

నాకు ఒక్కటీ అతకలేదు. ఏదైనా వరసగా చూసుకుంటే గాని నా బుర్రకు ఎక్కదు. అందుకే నేను చూసింది చూసినట్టు రాస్తున్నాను.

ముందు దానియేలు ఎవరో చెప్పాలి.

తొంభైల్లో హార్స్‌లీ కొండకు బెంగళూరు నుంచి బండలు ఎక్కేవాళ్లు క్యాంపులకు వచ్చేవాళ్లు. మదనపల్లె నుంచి రెడ్డెప్ప, దానియేలు ఇద్దరూ అక్కడికి వంటపనికి వెళ్లారు. వంట ఎలా చేశారో తెలియదు గానీ, ఒక్క తాడు మీద పైకి పోయే పద్ధతి నేర్చుకుని కొండ దిగారు.

ఇసుక మూటకు సన్నతాడు కట్టి పైకొమ్మ మీదుగా విసరాలి. దాంతో లావుతాడు లాగాలి. దాని ఒక కొసను చెట్టు మొదట్లో ముడి వేయాలి. కొమ్మకు అటువైపు వేలాడే తాడు మీద మనిషి ఎక్కాలి. ఎక్కేది రెడ్డెప్ప, కింద ముడికి కాపలా దానియేలు.

నడుముకు బెల్టు. తాడును కరిచి పట్టే క్లాంపులు. పాదానికి ఒక ఉచ్చు.

క్లాంపు పైకి జరుగుతుంది, కిందికి జారదు. ఎందుకు జారదో వాడు ఎన్నిసార్లు చెప్పినా నాకు అర్థం కాలేదు. కూర్చోవడం, లేవడం, క్లాంపు జరపడం. అలాగే పైకి పోయేవాడు.

మా పుంగనూరు ఇంటి పెంకుల మీదికి వచ్చిన చింతకొమ్మ కొట్టిన రోజు బాగా గుర్తు. పక్కింటి నాగమ్మత్త కింద నిలబడి ఒకటే నవ్వు.

"ఏమప్పా రెడ్డెప్పా, వినాయకునికి గుంజీళ్లు తీస్తాండావా?"

"ఔనత్తా, నీ పేరుతోనే తీస్తాండా. పున్నెం నీకే!"

కాసేపటికి ఆమే ఆవును తోలుకొచ్చింది. చెట్టుకు ఎలాగూ తాడు ఉంది కదా అని, ఆవు పలుపును ఆ ముడిలోకే దూర్చబోయింది.

దానియేలు ఒక్క దూకు దూకి ముడిని కావలించుకుని కూర్చున్నాడు.

"అమ్మా, కట్టాలంటే నన్ను కట్టేయ్. దీన్ని మాత్రం ముట్టొద్దు!"

"ఆవు గూడా ఎక్కుతాదంటనా?" అని పైనుంచి రెడ్డెప్ప.

"ఇదేం కర్మప్పా! ఉత్త తాడనుకుంటిని. ఆ కొసన మనిషుండాడని నాకేం తెలుసు?" అని నాగమ్మత్త.

అందరం నవ్వాం. దానియేలు నవ్వలేదు. పని అయ్యేదాకా నేను ఇచ్చిన కాఫీ కూడా ముట్టలేదు. పైన వాడు ఎంత జాగ్రత్తగా ఉన్నా, వాడి ప్రాణం ఉండేది కింద ముడిలోనే.

అలాంటివాడు ముడి విప్పాడంటే ఎలా నమ్మను?

నమ్మకుండా ఎలా ఉండను? మనిషి చెట్టు కింద పడి ఉన్నాడంట. తలకు హెల్మెట్, నడుముకు బెల్టు అలాగే ఉన్నాయంట.

గుడుపల్లె చేరేసరికి రెడ్డెప్పను కుప్పం ఆస్పత్రికి తీసుకుపోయారు. చెట్టు దగ్గర ఎవరూ లేరు. తాడు ఇంకా వేలాడుతోంది. తెగలేదు. పైకొమ్మ విరగలేదు. మొదట్లో ముడి బిగువుగా ఉంది. చేత్తో లాగి చూశాను, కదల్లేదు.

దాంతో ఇంకా అయోమయం. అన్నీ సరిగ్గా ఉంటే మనిషికేమైంది?

ఆస్పత్రి వరండాలో దానియేలు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నన్ను చూడగానే లేచాడు.

"అన్న దిగినాడక్కా. క్లాంపులు తీసి బెల్టుకు తగిలించుకున్యాడు. ఎదలో ఒకమాదిరిగా ఉండాది, నీళ్లు తేరా అన్యాడు. తెచ్చేసరికి చెట్టుకు ఒరిగిపోయినాడు. నేను ముడి ముట్టలేదక్కా. ముట్టనే లేదు."

డాక్టరమ్మ కూడా అదే చెప్పారు. పడిన దెబ్బలు లేవు, గుండె ఆగిపోయింది అని. బెల్టు నా చేతికి ఇచ్చారు. క్లాంపులు దానికే తగిలించి ఉన్నాయి. పడేవాడు గాలిలో అవి తీసి తగిలించుకుంటాడా?

పడలేదు. సరే. మరి యాల పోయినావురా?

చిటారున ఉన్నంతసేపూ ఏమీ కానివాడికి, చెట్టు నీడలో ఏమైంది? పడలేదని ఊరట పడాలో, ఏడవాలో కూడా తెలియడం లేదు.

ఈరోజు పొద్దున పుంగనూరులో వాళ్ల ఇంటి ముందు చిన్నమామ గట్టిగా అన్నాడు. "వాని చెయ్యి పాడె మీద పడితే నేను రాను."

దానియేలు గేటు బయటే నిలబడిపోయాడు. తాడు, ముడి, బెల్టు, నేను చూసిందంతా చెప్పాను. మామ తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు.

అప్పుడు రెడ్డెప్ప భార్య సుజాత లేచి వచ్చింది.

"మామా, ఇన్నేండ్లు ఆయన పానం వాని చేతిలో పెట్టి చెట్టెక్కినాడు. ఈ ఒక్క పూట వాడు ఆయన్ని మోస్తే తప్పా?"

సుజాతే గేటు తీసింది.

సాయంత్రం ఇంటి నుంచి బయలుదేరుతాము. రాగలిగినవాళ్లు రండి. ముందు వైపు దానియేలు భుజం పడతాడు. దారిలో వాడిని ఎవరూ ఏమీ అడగొద్దు. అడగాలనిపిస్తే నన్ను అడగండి.

పోయిరా రెడ్డెప్పా.

నేలకు దిగినాకనే పోయినావు నాయనా. అదొక్కటే నాకు అర్థమైంది.

నీ ప్రాణం చల్లగా ఉండనీ.