పిట్ట ముట్టని చేప

సికింద్రాబాద్‌కి నేను చాలాసార్లు వెళ్లాను గానీ, చేప వండడానికి వెళ్లడం ఇదే మొదలు. చిలకలగూడ కోడలైన మా చెల్లెలు పద్మ ఉన్నట్టుండి గుండె ఆగి పోయింది. దహనానికి వెళ్లి విశాఖ తిరిగొచ్చేశాను. నాలుగు రోజులకి దాని మొగుడు మల్లేశం ఫోన్ చేశాడు.

"వదినా, మూడొద్దులకు మటన్, చేప అన్నీ పెట్టినం. పిట్ట ముట్టలే. తొమ్మిదొద్దులకు నువ్వచ్చి వండు. మీ దిక్కు చేపంటే పద్మ పానం పెడ్తుండె."

వాళ్ల ఆచారం అది. మూడో రోజు, తొమ్మిదో రోజు పోయినవాళ్లకి ఇష్టమైనవి వండి విస్తట్లో పెట్టి, పిట్ట, అంటే కాకి, ముట్టేదాకా చూస్తారు. ముట్టకపోతే ఆ మనిషికి ఇంకా కోపమో బెంగో మిగిలిందని లెక్క. నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు, ఆ మాటే అనబోయాను. అతను గొంతు తగ్గించి, "నవ్య అన్నం తింటలేదు. అమ్మకు నా మీద్నే కోపం అంటది" అన్నాడు.

నవ్య వాళ్లకి ఒక్కతే కూతురు, డిగ్రీ చదువుతోంది. పద్మ పోయిన రోజు పొద్దున్న డబ్బాలో కొత్తిమీర చేప పెట్టి ఇస్తే, "క్లాసంతా వాసనొస్తది, నాకొద్దు" అని విసురుగా గుమ్మం దగ్గరే వదిలేసి పోయింది. మధ్యాహ్నం ఇంటికి పరిగెత్తుకొచ్చేసరికి తల్లి లేదు, డబ్బా అక్కడే ఉంది. నేను వెంటనే టికెట్ తీసుకున్నాను.

రైలు ఆరు కాకుండానే విశాఖ వదిలింది. రాజమండ్రి దాటాక ఇడ్లీ ఇచ్చారు, చట్నీ పులిసిపోయింది. పక్క సీటు పెద్దాయనది తునిట. "చుట్టపు చూపాండీ?" అని అడిగితే, "చేప వండాలి" అన్నాను. "సముద్రం వదిలేసి హైదరాబాద్ వెళ్లి వండుతారేటండీ చేప!" అని పకపకా నవ్వాడు. ఆయన తప్పేం లేదు. అయినా ఖమ్మం దాకా ఆయన మొహం చూడలేదు నేను.

రెండుంబావుకి సికింద్రాబాద్. సామాను తక్కువైతే ఆటో అక్కర్లేదు, చిలకలగూడ నడిచేంత దూరమే. నవ్య తలుపు తీసింది. బుగ్గలు లోపలికి పోయాయి. కాళ్లు కడుక్కోకముందే, "పెద్దమ్మా, రేపు ముడ్తదా?" అని అడిగింది.

"ముట్టకేం చేస్తాది, నేను వండాక!" అన్నాను. బీరాలు పలకడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు.

మర్నాడు ఆరింటికల్లా మోండా మార్కెట్‌లో ఉన్నాను. ఆకుకూరలకి వెళ్లేవాళ్లు ఏడు లోపు వెళ్లండి, తర్వాత వడిలినవే మిగులుతాయి. అమ్మే ఆవిడ, "నాటుది అక్కా, జెర వాసన జూడు" అని కట్ట నా ముక్కు దగ్గర పెట్టింది. కొత్తిమీర, పుదీనా, మెంతికూర, రెండు నిమ్మకాయలు తీసుకున్నాను. వంజరం కనబడింది గానీ ఐసులో ఎన్నాళ్లదో, కళ్లు గుంటలు పడ్డాయి. బొచ్చె చేప తీసుకుని అక్కడే ముక్కలు కొట్టించాను.

మా అమ్మ పద్ధతిలో చింతపండు పడదు. కొత్తిమీర కాడలతో సహా వేసి, పచ్చిమిర్చి, వెల్లుల్లి, గుప్పెడు పుదీనాతో బరకగా నూరాలి. ముక్కలకి పసుపు, నిమ్మరసం పట్టించి ఉంచాలి. ఉల్లిపాయ, మెంతికూర నూనెలో మగ్గాక ఆకుముద్ద వేసి, పచ్చివాసన పోయాక ముక్కలు పేర్చి మూత పెట్టాలి. గరిటె తగలకూడదు, గిన్నె పట్టుకుని తిప్పడమే. చిన్నప్పుడు నేను నూరుతుంటే పద్మ పక్కన కూర్చుని ఆకులు అందించేది. అది గుర్తొచ్చి ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే వండాను. వెనక నిలబడ్డ నవ్య, "గిదే వాసన" అంది మెల్లగా.

తొమ్మిదింటికి శ్మశానంలో విస్తరి పెట్టి దూరంగా నిలబడ్డాం. పావురాలు గుంపుగా దిగి అన్నం మెతుకులు కెలికి పోయాయి. కరెంటు తీగ మీద రెండే కాకులు. అవి దిగలేదు. పది అయింది, పదిన్నర అయింది. మల్లేశం తల్లి లచ్చమ్మ చేతులు జోడించి, "ఏందే పద్మా, ఇంకేం మిగిలిందే నీకు? బిడ్డను మేం జూస్కుంటం, రా" అని పిలిచింది. తర్వాత మనవరాలి వైపు తిరిగి, "తప్పైందను బిడ్డా" అంది.

నవ్య అంది. అందరికీ వినబడేలా అంది. కాకులు రెండూ ఎగిరిపోయాయి.

అందరూ పిల్లనే చూస్తున్నారు. నాకు ఆ కాకుల మీద, ఆ చూపుల మీద, అన్నింటికంటే నా నోటి మీద ఒళ్లు మండింది. నవ్య నడుచుకుంటూ పోయి విస్తరి ముందు కూర్చుని చేప ముక్క చేతిలోకి తీసుకుంది.

"అది పోయినోళ్లది! ముట్టకే!" అని లచ్చమ్మ కేక పెట్టింది. మల్లేశం పరిగెత్తబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. పిల్ల తలెత్తకుండా, ముళ్లు తీసి పక్కన పెట్టుకుంటూ, నాలుగు ముక్కలూ తినేసింది.

మూడు గంటల రైలు ఎక్కించడానికి తనే వచ్చింది. ప్లాట్‌ఫాం మీద సంచి నా చేతికిస్తూ, "పెద్దమ్మా, పరేషాన్ కాకు, ఒకటి చెప్త. చేప కూరల ఉప్పే లేకుండె" అంది.

పోయినవాళ్లకి పెట్టేది ముందు రుచి చూడకూడదు, ఎంగిలవుతుంది. అందుకే చూడలేదు. ముప్పై ఏళ్లుగా చేప వండుతున్న మనిషిని.

"మరి అంతా ఎలా తిన్నావే? ఒక్క మాట అనొచ్చు కదా!"

"మల్లొకపారి వంక పెడ్తనా, పెద్దమ్మా?"

రైలు కదిలింది. వరంగల్ దాకా నేను కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాను. ఈ ప్రయాణం ఎలా జరిగిందని అడిగేవాళ్లకి చెప్తున్నాను. రైళ్లు టైముకే నడిచాయి, మోండా కొత్తిమీర చాలా బాగుంది. ఆ పిల్ల మాత్రం ఇక బతికినన్నాళ్లు ఎవరేం పెట్టినా నోరెత్తకుండా తింటుంది.